బోల్టుతో లాగకూడదు

పాత మ్యాసీ ఫెర్గూసన్ ట్రాక్టరుకి క్లచ్ ప్లేటు మార్చాలంటే బండిని నడుము దగ్గర రెండు ముక్కలు చేయాల్సిందే. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగు, గేరుబాక్సు, వెనక యాక్సిలు ఒకదానికొకటి బిగిసి అవే బండికి వెన్నెముక అవుతాయి. విడదీయడం షెడ్డులో చేరి నాలుగు నెలలైన కుర్రాడికైనా వస్తుంది. తిరిగి కలిపేటప్పుడే మెకానిక్ ఎవరో, స్పానర్ తిప్పేవాడెవరో తెలిసిపోతుంది.

ఈ బండి వంశం సామాన్యమైనది కాదు. హ్యారీ ఫెర్గూసన్ రూపం ఇచ్చిన టీఈ 20 ట్రాక్టర్లతోనే ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది. ఆ మంచులో వాటిని నడిచేలా ఉంచిన మెకానిక్కుల పనితనానికి చేతులెత్తి మొక్కాలి. టీఈ 20 తర్వాత వచ్చిన ఎంఎఫ్ 35, దాని బాటలోనే 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ మన పొలాలకు అందించిన 1035, ఇవన్నీ ఒకే కుదురు.

వీటిలో డబుల్ క్లచ్ ఉన్న బండిది ప్రత్యేకమైన అందం. పెడల్ సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, బేలరు లాంటి పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. బేలరుతో గడ్డి కట్టేటప్పుడు వరుస ఒక్కసారిగా మందమైతే, డ్రైవరు సగం క్లచ్ తొక్కి బండిని నిలబెడతాడు. బేలరు ఆ గడ్డిని మింగాక మళ్ళీ వదులుతాడు. సింగిల్ క్లచ్ బండివాళ్ళు ఎన్ని చెప్పినా ఈ సుఖానికి సాటి లేదు. అయితే ఈ సుఖం ఇవ్వడానికి హౌసింగులో రెండు ప్లేట్లు, ఒకదానిలోంచి ఒకటి దూరే రెండు షాఫ్టులు ఉంటాయి. లోపలి షాఫ్టు ముందు ప్లేటుకి, బోలుగా ఉండే బయటి షాఫ్టు వెనక ప్లేటుకి. రెండు ప్లేట్ల మధ్యభాగం ఒకే గీత మీదికి రాకపోతే బండి కలవనే కలవదు.

మంచి మెకానిక్ పని అసలు ఫ్లైవీలు దగ్గర మొదలవుతుంది. విప్పకముందే ఫ్లైవీలుకీ క్రాంకుకీ కలిపి పంచ్ గుర్తు పెడతాడు. ముఖం మీద నీలం మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్ళు ఉంటే ఆ ముఖాన్ని లేతుకి పంపుతాడు. తిరిగి బిగించాక ముఖానికీ, అంచుకీ డయల్ గేజి ఆనించి చేత్తో నెమ్మదిగా తిప్పి చూస్తాడు. ఆ తిప్పేటప్పుడు క్రాంకును ముందుకో వెనక్కో ఒకే వైపు నొక్కి పట్టుకోవాలి. లేకపోతే క్రాంకుకుండే ముందువెనకల ఆటే గేజిలో వంకరలా కనిపిస్తుంది. పెర్కిన్స్ మాన్యువల్ లెక్కన ఫ్లైవీలు అంచు ఊగు 0.30 మిల్లీమీటర్లు దాటకూడదు. చాలా షెడ్లలో ఈ గేజి పెట్టెలోంచి బయటికే రాదు. ఈ పనికయ్యే కాస్త ఖర్చు మిగుల్చుకోబోయి రైతు ఏడాదంతా వణికే క్లచ్ తొక్కుతాడు.

తర్వాత క్రాంకు చివర ఉండే పైలట్ బేరింగు. వేలు పెట్టి తిప్పితే గరగరలాడితే మార్చేయాలి, మారు మాట లేదు. అదే సమయంలో ఆయిల్ సీలు కూడా. క్లచ్ హౌసింగు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ కారిన నూనెను రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి ఇంజను ఆయిలా, గేరు ఆయిలా అని బండి విప్పకముందే చెప్పేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఇంజను ఆయిలైతే క్రాంకు సీలు పోయినట్టు, గేరు ఆయిలైతే షాఫ్టు సీలు పోయినట్టు.

ఇక ప్లేట్లను ఒకే గీతలో నిలిపే డమ్మీ షాఫ్టు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల తుక్కులో దొరికిన పాత ఇన్‌పుట్ షాఫ్టును కోసి లేతు మీద సరిచేస్తే ఇది తయారవుతుంది. కంపెనీ టూలు లేనిచోట మన మేస్త్రీలకు ఇదే ఆయుధం. ప్లేటు ఏ ముఖం ఫ్లైవీలు వైపు ఉండాలో చూసి పెట్టి, డమ్మీని రెండు ప్లేట్ల పళ్ళలోంచి పైలట్ బేరింగు దాకా దూర్చి, అప్పుడు ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తారు. డమ్మీ చివరి దాకా వదులుగా లోపలికి, బయటికి జారాలి. సీసాలోంచి బిరడా లాగినట్టు లాగాల్సి వస్తే ప్లేటు పక్కకు ఉన్నట్టే. తర్వాత ప్రెషర్ ప్లేటును వెనక్కి లాగే మూడు ఫింగర్ల ఎత్తు కొలవాలి. మూడూ రిలీజు బేరింగును ఒకేసారి తాకాలి. ఒకటి ముందు తాకితే బండి కదిలేటప్పుడు జర్కు కొడుతుంది.

అసలు పరీక్ష ఆఖరి అంగుళం. ముందు యాక్సిలు పక్కకు ఒరగకుండా రెండు వైపులా చెక్కలు బిగించి, జాకీలతో రెండు సగాలూ సమానమైన ఎత్తుకి తెచ్చి దగ్గరికి జరుపుతారు. హౌసింగుల మధ్య వేలు పట్టేంత సందు మిగిలి, అక్కడ ఆగిపోతుంది. షాఫ్టు పళ్ళూ ప్లేటు పళ్ళూ ఎదురుబొదురై నిలిచాయన్నమాట. చేయి తిరిగిన మేస్త్రీ ఇక్కడ బోల్టు ముట్టుకోడు. గేరు వేసి, పైకి లేపిన వెనక చక్రాన్ని కొద్దిగా కదపమంటాడు. పీటీఓ చివర చేత్తో తిప్పుతాడు. ఎత్తు సరిపోయిందేమో మళ్ళీ సందు చుట్టూ కొలిచి, జాకీ ఒక్క పిసరు దించుతాడు. ఒక్కసారి పళ్ళు దొరికాయంటే అంత బరువైన బండి చేతి తోపుతో కలిసిపోతుంది. ఆ పని చూడ్డానికి పక్క షెడ్డువాళ్ళు కూడా వచ్చి నిలబడతారంటే ఆశ్చర్యమేముంది!

ఈ విద్యను ఇప్పుడు ఎయిర్ గన్ మింగేస్తోంది. సందు మిగిలితే చాలు, నాలుగు పొడుగు బోల్టులు వేసి గన్నుతో లాగేస్తున్నారు. హౌసింగులు కలుస్తాయి. ప్లేటు మధ్యభాగం వంగుతుంది, పైలట్ బేరింగు నలుగుతుంది, షాఫ్టు సీలు చిరుగుతుంది. నాట్ల సీజను మధ్యలో, కేజ్ వీల్స్ వేసి దమ్ములో దించిన బండి క్లచ్ జారి నిలిచిపోతే, మళ్ళీ విడగొట్టే ఖర్చు రైతు నెత్తినే. దీనికి తోడు నకిలీ ప్లేట్లు. అట్టపెట్టె రంగూ అక్షరాలూ అచ్చం అసలుదే. లోపల చూస్తే రివిట్లు ఒకటి లోతుగా, ఒకటి పైకి. పాత ప్లేటుకి కొత్త లైనింగు అంటించి కొత్తదని అమ్మేవాళ్ళు చేస్తున్నది దొంగతనం కాక మరేమిటి? పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేదని తెలిసీ, ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో కుర్రాళ్ళ ముఖం మీదికే ఊదించే షెడ్లు ఇంకా ఉండటం సిగ్గుచేటు. తడిగుడ్డతో తుడిస్తే పోయేదానికి వాళ్ళ ఊపిరితిత్తులు బలి.

ఐటీఐల్లో ట్రాక్టరు మెకానిక్ ట్రేడు ఉంది. అక్కడ చేరిన ప్రతి కుర్రాడి చేతికీ ఒక డమ్మీ షాఫ్టు, ఒక డయల్ గేజి ఇచ్చి పాత బండినొకదాన్ని విడదీయించి కలిపించాలి. ఆ పని నేర్పడానికి మన ఊళ్ళలోని పెద్ద మేస్త్రీలను గౌరవ వేతనంతో పిలవాలి. రైతులు కూడా ఒక పని చేయాలి. హౌసింగులు మూసే ముందు షెడ్డుకి వెళ్ళి డమ్మీ జారుతోందో లేదో చూపించమని, ఫింగర్లు కొలిచి చెప్పమని అడగాలి. నిజమైన మేస్త్రీ విసుక్కోడు. జాకీ పక్కకి జరిగి, వంగి చూడమంటాడు.