మద్యతృష్ణ – మనోచిత్రాల పాత్ర: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:

మద్యపానాన్ని మాన్పించే ప్రయత్నాలు ఎక్కువగా సంకల్పబలం చుట్టూ, హితబోధ చుట్టూ తిరుగుతాయి. తాగాలన్న కోరిక మనసులో ఏ రూపంలో పుడుతుందనే ప్రశ్నకు వాటిలో చోటు తక్కువ. డేవిడ్ కావనా, జాకీ ఆండ్రేడ్, జాన్ మే 2005లో ‘సైకలాజికల్ రివ్యూ’ పత్రికలో ప్రకటించిన ‘ఎలాబొరేటెడ్ ఇంట్రూషన్’ సిద్ధాంతం ఈ ప్రశ్ననే కేంద్రంగా తీసుకుంది. తృష్ణకు ప్రాణం పోసేది ప్రధానంగా మాట కాదు, మనోచిత్రం అన్నది దాని సారాంశం. ఈ ప్రతిపాదనలోని బలాన్నీ పరిమితులనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సిద్ధాంత స్వరూపం:

ఈ సిద్ధాంతం ప్రకారం కోరికకు రెండు దశలుంటాయి. మొదటి దశలో తాగుడు గురించిన తలపు అప్రయత్నంగా చొరబడుతుంది. సాయంత్రపు వేళ, దుకాణం బోర్డు, దాహం, దిగులు వంటివి దానికి ప్రేరకాలు. ఆ తలపు అక్కడే ఆగితే ప్రమాదం స్వల్పం. రెండవ దశలో మనసు దానిని పెంచి పోషిస్తుంది. గ్లాసు రూపం, వాసన, నాలుకపై రుచి, గొంతులోని మంట, తోడున్న మిత్రుల నవ్వులు అన్నీ కలిసి అనుభవంగా మారతాయి. సాహిత్య విమర్శలో భావచిత్రం కంటికే పరిమితం కానట్లే, ఇక్కడి మనోచిత్రం కూడా పంచేంద్రియాలకు సంబంధించినది.

ఊహ క్షణకాలం సుఖాన్నిస్తుంది. కోరిన వస్తువు చేతిలో లేదన్న స్పృహ వెంటనే వేదనగా మారుతుంది. ఆ వేదన తిరిగి ఊహనే ఆశ్రయిస్తుంది. సుఖమూ బాధా ఒకే చిత్రం నుంచి పుట్టడాన్ని వివరించగలగడం ఈ సిద్ధాంతపు ప్రధాన బలం.

ఆధారాల విలువ:

బాడ్లీ, హిచ్ 1974లో ప్రతిపాదించిన క్రియాశీల స్మృతి నమూనా దీనికి పునాది. ఆ స్మృతికి సామర్థ్యం పరిమితం కాబట్టి, దృశ్యసంబంధమైన మరొక పని దానిని ఆక్రమిస్తే కోరిక చిత్రం మసకబారాలి. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో 31 మంది విద్యార్థులు వారంపాటు నిత్యజీవితంలోని తమ కోరికలను నమోదు చేశారు, వారిలో కొందరు ‘టెట్రిస్’ ఆట కూడా ఆడారు. మూడు నిమిషాల ఆట కోరికల తీవ్రతను 70 శాతం నుంచి 56 శాతానికి తగ్గించింది. అయితే అవి ఆహారం మొదలు మాదకద్రవ్యాల దాకా రకరకాల కోరికలు. పైగా కోరిక తగ్గడం వేరు, తాగుడు తగ్గడం వేరు. ఈ ఫలితాన్ని మద్యానికి బానిసైన వ్యక్తికి నేరుగా అన్వయించడం తొందరపాటు.

పరిమితులు:

స్టీఫెన్ టిఫానీ 1990లోనే ఒక కీలకమైన అంశాన్ని లేవనెత్తారు. దీర్ఘకాలపు అలవాటు యాంత్రికమవుతుంది, తృష్ణ లేకుండానే వినియోగం సాగిపోతుంది. ఈ దృష్టితో చూస్తే మనోచిత్ర సిద్ధాంతం రోజూ తాగే వ్యక్తి కంటే, మానేసి నిగ్రహించుకుంటున్న వ్యక్తి స్థితిని బాగా వివరిస్తుంది.

రెండవది, ఊహాచిత్రాలే ఏర్పడని స్థితికి ఆడమ్ జెమాన్ బృందం 2015లో ‘అఫాంటేసియా’ అని పేరుపెట్టింది. అటువంటివారిలోనూ తృష్ణ అంతే తీవ్రంగా ఉంటే, చిత్రం తృష్ణకు అనివార్యమన్న వాదన సడలుతుంది.

మూడవది అత్యంత ముఖ్యమైనది. తీవ్ర వ్యసనంలో హఠాత్తుగా మద్యం ఆపితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ కలగవచ్చు, ప్రాణాపాయమూ ఉంది. ఇక్కడ వైద్యం అవసరం. మనోచిత్ర సాధన దానికి అనుబంధమే కాని ప్రత్యామ్నాయం కాదు.

అన్వయం:

ఈ పరిశోధకులు రూపొందించిన ‘ఫంక్షనల్ ఇమేజరీ ట్రైనింగ్’ చిత్రశక్తిని లక్ష్యం వైపు మళ్లిస్తుంది. బరువు తగ్గడంపై 141 మందితో జరిపి 2019లో ప్రకటించిన ప్రయోగంలో, ఈ శిక్షణ పొందినవారు ఆరు నెలల్లో సగటున 4.11 కిలోలు తగ్గారు. ప్రేరణాత్మక సంభాషణ పొందినవారు 0.74 కిలోలే తగ్గారు. ఇది మద్యానికి రుజువు కాకపోయినా దిశాసూచకం.

తెలుగు సినిమాల్లో మద్యపాన దృశ్యం అడుగున కనిపించే హెచ్చరికను ఈ వెలుగులో పునరాలోచించాలి. తెరంతా గ్లాసు, మూలన ఒక వాక్యం. చిత్రం కోరికను పోషిస్తుండగా అక్షరం దానిని ఎంతవరకు అడ్డుకోగలదన్నది పరిశోధించదగిన ప్రశ్న.

ముగింపు:

మనోచిత్రం మద్యతృష్ణకు ఏకైక కారణం కాదు. కాని మానాలనుకునే వ్యక్తి ఒంటరిగా పోరాడేది తరచుగా దానితోనే. తలపు రావడం అతని తప్పు కాదని, దానిని పెంచకుండా ఉండటం నేర్చుకోదగిన విద్య అని చెప్పగలగడమే ఈ సిద్ధాంతపు మానవీయ విలువ.