ఉప్పు తొడుక్కున్న పొద, పాతాళం తాగే చెట్టు

మెస్కీట్ తల్లీ! నిన్ను పొగడాలంటే కిందినుంచి మొదలుపెట్టాలి. పైకి కనిపించేది కొంచెమే. వంకర మాను, జంట ముళ్లు, జమ్మికి ఉన్నట్టే సన్నసన్నని ఆకులు, ఎండలు ముదిరే ముందు పసుపుపచ్చ కంకుల పూత, ఆ పూత చుట్టూ తేనెటీగల రొద. నీ అసలు కాపురం నేల కింద. అరిజోనాలో టూసాన్ దగ్గర ఒక గని తవ్వకంలో నీ జాతి చెట్టు వేరు 53 మీటర్ల లోతున దొరికింది. మన ఊళ్లో దిగుడుబావి పదిహేను మీటర్లుంటేనే అంచున నిలబడి తొంగిచూడటానికి గుండె జారుతుంది. అలాంటి బావులు మూడున్నర ఒకదాని కింద ఒకటి తవ్వినంత లోతుకి నువ్వు చీకట్లో, రాతి సందుల్లో, తడి వాసన పట్టుకుని దిగిపోయావు. భగీరథుడు గంగను పైనుంచి కిందికి దించాడు. నువ్వు కిందున్న గంగను పైకి తెచ్చుకుంటావు, అదీ ఏ తపస్సూ చేస్తున్నట్టు కనపడకుండా.

నీకున్న ఊళ్లలో నాకు ఎక్కువ ఇష్టమైనది కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ. సముద్రమట్టానికి 86 మీటర్ల కిందికి దిగే లోయ. 1913 జూలై 10న అక్కడ 56.7 డిగ్రీల ఎండ నమోదైంది. ఏడాది పొడుగునా కురిసేది ఐదారు సెంటీమీటర్లు. మనకు శ్రావణంలో ఒక్క ముసురు రాత్రి అంత పడుతుంది. 1849లో బంగారం కోసం బయల్దేరి దారితప్పి అక్కడ చిక్కుకున్నవాళ్లు దానికి చావు పేరు పెట్టిపోయారు. ఆపదలో ఉన్నవాళ్లు పెట్టిన పేరు, తప్పుపట్టలేం. కానీ ఆ లోయలో వేల ఏళ్లుగా పూస్తూ కాస్తూ ఉన్న నిన్ను అడిగి ఉంటే వేరే పేరు చెప్పేదానివి.

లోయ నడిమధ్య తెల్లని ఉప్పు పర్ర. అక్కడ ఏదీ మొలవదు. పర్ర అంచుకు వస్తే కణుపుల కాడలతో పికిల్‌వీడ్ కనిపిస్తుంది, సముద్రపు నీటికన్నా ఉప్పగా ఉన్న తడిని తాగి బతుకుతూ. ఆ వెనక ఆరోవీడ్ గుబుర్లు. ఇంకా వెనక, నేలలోని నీటిలో ఉప్పు పలచబడ్డ చోట, నువ్వు. నిన్ను దాటితే గులకరాళ్ల మెట్టవాలు, దాని మీద వెండిరంగు ఉప్పు పొదలు. ఆపైన క్రియోసోట్ పొదలు. ఈ వరసలను కొలిచి చూసిన భూవిజ్ఞాని చార్లెస్ హంట్, ఎక్కడ ఏ మొక్క నిలబడిందో చూస్తే కింద నీరు ఎంత ఉప్పగా ఉందో తెలుస్తుందని చూపించాడు. చదవడం వచ్చినవాడికి ఆ బీడు మొత్తం ఒక జాతకచక్రం.

ఇప్పుడు నీ పొరుగున ఉన్న ఉప్పు పొద. అందం అంటే పచ్చదనమే అనుకునే కళ్లకు అది బూడిద కుప్ప. పుట్టుక చూస్తే మన తోటకూర కుటుంబమే. దాని ఆకొకటి తెంపి చేతిలో పెట్టుకుంటే పిండి అంటినట్టు ఉంటుంది. భూతద్దం పెడితే పిండి మాయమై, పొట్టి కాడల మీద నిలబడ్డ సన్నని నీటిబుడ్డలు కనిపిస్తాయి. వేరు తాగిన ఉప్పును ఆకు తన కండలో ఉంచుకోకుండా ఆ బుడ్డల్లోకి తోసేస్తుంది. బుడ్డలు నిండి, పగిలి, ఎండి తెల్లని పొరగా ఆకునిండా పరుచుకుంటాయి. ఆ తెలుపే ఎండను తిప్పికొడుతుంది. విషాన్ని గొంతులో పెట్టుకున్న దేవుడు మనకున్నాడు. ఈ పొద విషాన్ని ఒంటి మీదికి తెచ్చి గొడుగుగా పట్టింది. నాకు ఈ ఉపాయమే ఎక్కువ నచ్చుతుంది.

ఈ పొదల్లోనే ఎడారి హాలీ అని ఒకటి ఉంది. ఎండను కాచుకోవడంలో దాన్ని మించినది ఆ లోయలో అరుదు. ఆకులను నిటారుకు దగ్గరగా నిలబెడుతుంది. నడినెత్తిన పొద్దుకు అంచు మాత్రమే చూపించి, పొద్దున సాయంత్రం వెలుతురుకు ఆకు మొత్తం చూపిస్తుంది. కరువు ముదిరేకొద్దీ ఇంకా తెల్లబడుతుంది. నాలుగు రెక్కల కాయలు కాసే ఇంకో ఉప్పు పొదలో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరు. కరువు గానీ కొరికే చలి గానీ పట్టిన ఏడాది తర్వాత కొన్ని ఆడ మొక్కలు గింజల బరువు మోయడం మాని మగవైపోతాయి. మాట్లాడే ప్రాణులమైన మనకు ఇంత సౌలభ్యం లేదు.

ఉప్పు ఆకు ఎవరు తింటారు? పక్కనే ఓవెన్స్ లోయలో తింటున్న ఒక కంగారూ ఎలుకను శాస్త్రజ్ఞులు చూశారు. దాని కింది పళ్లు ఉలిలా బల్లపరుపుగా ఉంటాయి. ముందు కాళ్లతో ఆకు పట్టుకుని, పై ఉప్పు పొరను రెండు వైపులా గీకి రాల్చి, లోపలి పచ్చని కండ మాత్రం తింటుంది. నీళ్లు తాగవలసిన పని కూడా లేకుండా గడిపేస్తుంది. వంటింట్లో చేప పొలుసు తీసేవాళ్లకున్న ఓపిక, ఆ గుప్పెడు ప్రాణికి.

గాలి ఇసుక తెచ్చి నీ మీద పోస్తుంది తల్లీ. నువ్వు పూడిపోకుండా పైకి ఎగబాకుతావు. అది ఇంకా పోస్తుంది. చివరికి నువ్వొక దిబ్బవవుతావు. దిబ్బ నెత్తిన కొమ్మలు, దిబ్బ బొరియల్లో ఎలుకలు, పాములు, బల్లులు. నీ కొమ్మల్లో బదనిక పాతుకుపోయి నీ రసం తాగుతుంది. ఆ బదనిక ఎర్రపండ్ల కోసం నల్లని మెరుపులాంటి ఫైనోపెప్లా పిట్ట వస్తుంది, గింజను ఇంకో కొమ్మ మీద వదిలిపోతుంది. దొంగకూ, దొంగసరుకు మోసేవాడికీ కూడా అన్నం పెట్టే ఇల్లు నీది.

ఆ లోయ ఆదివాసులైన టింబిషా షోషోనీ జనానికి నువ్వు నిజంగానే అన్నం. రాలిన కాయల తియ్యని తొక్కను దంచి, పిండి చేసి, బిళ్లలు కట్టి దాచుకునేవారు. ఊరికే తీసుకోలేదు. కింది కొమ్మలు నరికి, చచ్చిన పుల్ల తీసేసి, చుట్టూ చెత్త ఊడ్చి నిన్ను చూసుకున్నారు. 1933లో లోయ ప్రభుత్వ రక్షణలోకి వెళ్లాక ఆ చేతులు చాలాకాలం నీకు దూరమయ్యాయి. 2000లో వచ్చిన చట్టం వాళ్ల సొంత నేలలో కొంత వాళ్లకు తిరిగి ఇచ్చింది.

నీ మీద ఒక నింద ఉంది, దాచడం ఎందుకు? న్యూ మెక్సికోలో పశువుల మందలు గడ్డిని నున్నగా మేసి, నీ గింజలను పేడలో మోసుకెళ్లి చల్లాయి. గడ్డి మైదానాలు నీ దిబ్బలుగా మారాయి. 1877 ప్రాంతంలో నీ అక్క ఒకతిని వంటచెరకు కోసం కడప జిల్లా కమలాపురం వైపు తెచ్చి నాటారు. సర్కారు తెచ్చింది కాబట్టి సర్కారు తుమ్మ అయింది, తర్వాత కంప అయింది. చెరువు గట్లు, పోరంబోకులు, బీళ్లు అన్నీ ఎక్కింది. రాయలసీమలో దాన్ని తిట్టని రైతు లేడు, దాని బొగ్గుతో బతకని పేదలూ తక్కువే. పుట్టింట్లో కొలిచిపెట్టిన నీరు, కాచుకునే చేతులు, తినే నోళ్లు నీకు ఉన్నాయి. అవి లేని చోటికి తీసుకెళ్లి వదిలింది మనుషులు. తప్పు గింజది అనను.

ఇప్పుడు నీకు నిజమైన ఆపద ఎండ కాదు. నీ కాళ్లకింద నీటిమట్టం దిగడం. ఊటలను గొట్టాల్లోకి మళ్లిస్తే, బయటినుంచి వచ్చిన టామరిస్క్ చెట్లు ఆ తడినే పీల్చేస్తే, ముదురు చెట్టు తట్టుకోవచ్చు, పిల్లమొక్క వేరు నీటిని అందుకోలేదు.

లాస్ వేగాస్ వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది రెండు గంటలు కారు నడిపి ఈ లోయ కూడా చూసి వస్తుంటారు. వాళ్లకొక మనవి. ఇసుక తిన్నెల మీద ఫొటోలు అయ్యాక, ఆ తిన్నెల అంచున ఉన్న చెట్టు దగ్గరికి వెళ్లి దాని నీడలో పది నిమిషాలు నిలబడండి. పక్కన తెల్లటి పొద కనిపిస్తే ఒంగి ఆకును చూడండి. కొమ్మ విరవకండి, కాయ కోయకండి. ఆ కాయకు ఎదురుచూసేవాళ్లు అక్కడ ఉన్నారు.