గుడ్డదేముంది, కాళ్లు చూడండి

మా అక్క మనవడి మొదటి పుట్టినరోజు ఫొటోలు మా హాల్లోనే తీశాను. వెనక నీలం గుడ్డ, ముందు వెదురుబుట్ట, బుట్టలో వాడు. నాలుగో ఫొటో దగ్గర ఎవరో ఫ్యాను వేశారు. బెజవాడ, మే నెల. వేసినవాళ్లను అనడానికి కూడా లేదు. గుడ్డ తెరచాపలా ఉబ్బింది. ఎడమవైపు స్టాండు ఓసారి వెనక్కి ఊగింది, మళ్లీ ముందుకొచ్చింది. ఆ ఊపు చూసిన మా అక్క బుట్టతో సహా పిల్లాణ్ణి పక్కకు లాగేసింది. మరుక్షణం అడ్డకడ్డీ, గుడ్డ, క్లిప్పులు మొత్తం బుట్ట ఉన్న చోటే కూలాయి.

"ఫొటోలు తీస్తున్నావా, పందిరి వేస్తున్నావట్రా?" అంది అక్క. వాడు మాత్రం నవ్వాడు. ఆ రోజు వాడు నవ్వింది అప్పుడొక్కసారే, అది ఫొటోలో లేదు.

సాయంత్రం తీరిగ్గా కూర్చుని విప్పి చూశాను. స్టాండు గొట్టాన్ని బిగించే చోట ప్లాస్టిక్ పట్టు ఉంది. దానికి వెంట్రుకంత పగులు. ఎన్నాళ్ల నుంచి ఉందో. స్టాండ్లు, కడ్డీ, గుడ్డ, క్లిప్పులు, సంచీ కలిపి ఒకే డబ్బాలో వచ్చిన సెట్టు అది. కొనేటప్పుడు నీలమా, బూడిదా, పచ్చా అని ఒక పూటంతా తర్జనభర్జన పడ్డాను. స్టాండు బొమ్మను పెద్దది చేసి కూడా చూడలేదు.

ఇంట్లో స్టూడియో పెట్టుకుంటామని వచ్చేవాళ్లంతా ఇప్పటికీ నన్ను అడిగేది అదే: "ఏ రంగు బ్యాక్‌డ్రాప్ కొనమంటారు సార్?" చీరలు అమ్ముకునే ఆడవాళ్లు, వంటల వీడియోల కుర్రాళ్లు, పాస్‌పోర్టు ఫొటోలతో మొదలుపెడదామనుకునే రిటైరైన మాస్టార్లు, అందరిదీ రంగుల చింతే. స్టాండు కాళ్ల సంగతి అడిగినవాళ్లు ఇంతవరకూ తగల్లేదు.

గుడ్డ గురించి దిగులు పడేవాళ్లకు నేను చెప్పేది బమాకో కథ. పశ్చిమాఫ్రికాలో మాలీ రాజధాని అది. అక్కడ 1948లో సెయిదూ కెయిటా అనే ఆయన స్టూడియో తెరిచాడు. ఇవాళ ఆయన ఫొటోలు ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియంల గోడల మీద ఉన్నాయి. ఆయన కట్టిన మొదటి తెర సొంత మంచం మీది కుచ్చుల దుప్పటి. ఆ తర్వాత ఇంకో గుడ్డ, దాని తర్వాత మరొకటి. రెండు మూడేళ్లకోసారి తెర మార్చేవాడు కాబట్టి, వెనకున్న తెరను బట్టే ఏ ఫొటో ఏ కాలానిదో చెప్పగలుగుతున్నారు. దుప్పటి చాలు అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నా దగ్గర లేదు.

అలాగని ఏ దుప్పటైనా పనికొస్తుందా అంటే, రాదు. శాటిన్ మెరుస్తుంది, లైటు పడ్డచోటల్లా తెల్లటి చార. సెట్టుతో పాటు వచ్చే గుడ్డ చాలాసార్లు పెళ్లిళ్లలో తాంబూలం సంచులు కుట్టే రకమే. మడత పెట్టి పంపుతారు. ఆ మడతల గళ్లు ఫొటోలో పిల్లాడి తల వెనక కిటికీ చువ్వల్లా పడతాయి. ఇస్త్రీ పెట్టామా, కరిగి ఇస్త్రీపెట్టెకే అంటుకుంటుంది. అనుభవంతో చెబుతున్నాను, ఆ మరక ఇప్పటికీ పోలేదు. నా మటుకు నేను గుడ్డల దుకాణానికి వెళ్లి దుప్పట్లకు వాడే పెద్ద పన్నా నూలు గుడ్డ అడుగుతాను. కోరా గుడ్డ దొరికితే ఇంకా మంచిది. మనకు కావలసిన బూడిద రంగు అద్దించుకోవచ్చు. అద్దకం అక్కడక్కడా మచ్చలు పడినా బెంగలేదు, కెమెరాకు ఆ మచ్చలే ముద్దు. కొట్టువాణ్ణి తాను లోపలి అట్టగొట్టం కూడా అడిగి తెచ్చుకోండి. గుడ్డను మడవకుండా దానికి చుట్టి పెడితే ఇస్త్రీ బాధ సగం తప్పుతుంది. మిగిలిన సగానికి నీళ్లు చిలకరించి, అంచులకు బట్టలారేసే క్లిప్పులు పెట్టి లాగి కట్టడమే.

రంగు చెప్పకపోతే ఊరుకోరు కాబట్టి చెబుతున్నాను: ఒక్కటే కొనేటట్టయితే బూడిద. దాని మీద లైటు పడనివ్వకపోతే నల్లగా కనిపిస్తుంది. దానికంటూ విడిగా ఒక లైటు వేస్తే తెలుపు దాకా పోతుంది. నలుపూ తెలుపూ రెండూ అందులోనే ఉన్నాయి. అయితే ఈ గారడీకి దూరం కావాలి. లైటు నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. మనిషిని గుడ్డకు ఆనించి కూర్చోబెడితే రెంటి మీదా ఒకే వెలుగు, పైగా వెనక నీడ. నాలుగైదు అడుగులు ముందుకు జరిపితే నీడ కిందికి జారిపోతుంది, ముడతలు మసకబారతాయి. గుడ్డ మీద పెట్టే డబ్బుతో రాని అందం ఆ నాలుగడుగుల్లో వస్తుంది. అందుకే తెరను హాలు పొడుగు చివర కట్టాలి, అడ్డం వైపు కాదు. గోడలకు పిస్తా రంగు వేయించినవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. లైటు ఆ గోడకు తగిలి వచ్చిందంటే పెళ్లికూతురి బుగ్గ కూడా పిస్తా రంగే.

కాగితం తెరల గురించి రెండు ముక్కలు. పెద్ద రోలు 2.72 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు ఉంటుంది. ముడతా మడతా ఉండదు, గోడా నేలా కలిసే గీత కనపడదు. కింద మాసిన మేర కత్తిరించి మళ్లీ దించుకోవాలి. అంటే ప్రతి చెప్పుల అచ్చుకూ డబ్బు కడుతున్నట్టే. నగలు, పచ్చడి సీసాల్లాంటి చిన్న వస్తువులకు ఆ రోలు దండగ. పుస్తకాల కొట్లో దొరికే తెల్ల చార్టును ఒక అంచు గోడకు అంటించి, రెండో అంచు బల్ల మీదికి వంపుగా జార్చండి. పని అయిపోతుంది.

ఇక కాళ్లు. స్టాండు కొనేముందు దుకాణంలో దాన్ని పూర్తిగా పైకి లాగి నిలబెట్టమనండి. పై గొట్టాన్ని వేలితో తట్టండి. తాటిచెట్టులా ఊగితే వదిలేయండి. బిగించే పట్టు లోహానిదా, ప్లాస్టిక్‌దా చూడండి. నాబ్ వదులు చేసినప్పుడు పై గొట్టం ధన్ మని దిగితే వేళ్లు నలుగుతాయి. లోపల స్ప్రింగో గాలో ఉన్నవి మెత్తగా దిగుతాయి, ఆ తేడాకు రెండు మూడు వందలు ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. కాళ్లు ఎంత విశాలంగా పరుచుకుంటే అంత మేలు. కాళ్లను కలిపే అడ్డపట్టీలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా తెరవాలి. ఎత్తు పెంచేటప్పుడు ముందు లావు గొట్టం, సన్నది ఆఖర్న. చాలామంది చేతికందింది గదా అని సన్నదాన్నే ముందు లాగుతారు. నేనూ అదే చేసేవాణ్ణి.

ఎంత మంచి స్టాండైనా బరువు లేకపోతే నిలవదు. ఇసుక సంచులు కొనక్కర్లేదు. పాత జీన్సు ప్యాంటు కాళ్లు కత్తిరించి, ఒక్కోదాంట్లో అయిదు కిలోల ఇసుక పోసి, రెండు కొసలూ కుట్టేయండి. దాన్ని స్టాండు కాలి మీద గుర్రం మీద జీనులా వేయాలి. కొందరు నీళ్ల క్యాను కడతారు. అది వేలాడుతూ ఊగితే ఆ ఊపుకు స్టాండు కూడా ఊగుతుంది. నేలకు ఆని ఉండాలి.

డబ్బు మరీ ఇరుకైతే ప్లంబింగ్ కొట్టుకు వెళ్లండి. అంగుళన్నర పీవీసీ పైపు, రెండు టీలు, రెండు ఎల్బోలు చాలు. ఎల్బోలు పై మూలలకు. ఒక్కో నిలువు పైపు అడుగున ఒక్కో టీ, దానికి ముందుకో ముక్కా వెనక్కో ముక్కా పాదాలుగా పెట్టాలి. సొల్యూషన్ మాత్రం పూయకండి, పూశారంటే మళ్లీ ఊడదు, మంచం కిందికి దూరదు. గుడ్డకు ఈ ఫ్రేము సరిపోతుంది. కాగితం రోలుకు చాలదు. పైపు నడుం వంగుతుంది. సొంతిల్లయితే ఇవేవీ వద్దు, కర్టెన్ బ్రాకెట్లు గోడకు బిగించుకోండి. అంతకంటే చవకైన, గట్టి స్టాండు లేదు. అద్దె ఇల్లయితే డ్రిల్లింగ్ మిషను పట్టుకునేముందు ఓనరు గారితో ఓ మాట.

ఆ పుట్టినరోజు తర్వాత నేను కొన్నవి రెండు స్టాండ్లు, విడివిడిగా, చేత్తో ఊపి చూసి. నాలుగేళ్లయింది. ఈలోగా గుడ్డలు ఆరు మారాయి. అందులో ఒకటి మా ఆవిడ పాత నేత దుప్పటి. విరిగిన పాత స్టాండు డాబా మీద దొండపాదుకు ఆసరాగా ఉంది. పాదు బరువుకు అదీ కాస్త పక్కకు ఒరిగింది.