మిస్సింగ్ పట్టే చెయ్యి

నల్గొండ, మహబూబ్‌నగర్ షెడ్లలో పాత అంబాసిడర్ వణుకును పట్టే మెకానిక్ పనితనం మనసారా ఆస్వాదించదగ్గ కళ. బానెట్ ఎత్తించి, "అన్నా, జర స్లోల ఉంచు" అంటాడు. పానా ముట్టకముందే ఇంజను మీద అరచెయ్యి ఆనిస్తాడు. బండి మిస్సింగ్ కొడుతోందని ఓనరు చెప్పాడు సరే, అది ఏ సిలిండర్‌దో, అసలు ఇంజనుదేనో ఆ చెయ్యి తేల్చాలి.

ఆ చేతికి అందేదేమిటో లెక్క కడితే దాని అందం ఇంకా తెలుస్తుంది. 1489 సీసీ పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లు 1-3-4-2 వరుసలో మండుతాయి. నిమిషానికి 800 చుట్లు తిరిగే స్లోలో, ఒక్కో సిలిండర్ రెండు చుట్లకొకసారి మండితే, మొత్తం సెకనుకు దాదాపు 27 మంటలు. సెకనుకు సుమారు 20 దాటిన కంపనాలనే చెవి ధ్వనిగా పోల్చుకుంటుంది. అందుకే నాలుగూ కుదురుగా ఉంటే వినిపించేది ఒకటే గుమ్మనే నాదం. ఒకటి మండకుండా చచ్చిపోతే, అంటే మిస్సింగ్ కొడితే, సెకనుకు ఆరేడుసార్లు ఖాళీ పడుతుంది. ఆ ఖాళీ ఒంటికి కుదుపుగానే తెలుస్తుంది. నాలుగు దెబ్బల వరుసలో ఒకటి ఎగిరిపోయిన డప్పుకు ఆడేవాడి అడుగు ఎలా తడబడుతుందో, స్టీరింగు అలా అదురుతుంది.

తర్వాతి ఘట్టం మరీ రమ్యం. ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి పెడతాడు. మంచి సిలిండర్ వైరు తీస్తే ఇంజను ఇంకా కుంటుతుంది. చచ్చిన సిలిండర్‌ది తీస్తే ఏ మార్పూ ఉండదు. ఆ ఉలకని చోట ఆగి ప్లగ్గు విప్పుతాడు. బిస్కెట్ రంగుంటే మంట సరిగానే ఉంది. పొడి మసి పట్టిందంటే కార్బొరేటర్ పెట్రోలు ఎక్కువ ఇస్తున్నట్టు. నూనె తడి ఉంటే రింగులు అరిగి ఉండవచ్చు.

ప్లగ్గులన్నీ బాగుండి, రేస్ ఇచ్చినప్పుడు సాఫీగా ఉండి, స్లోలో మాత్రం బాడీ అదిరితే చూపు ఇంజనును మోసే ఫౌండేషన్ రబ్బర్ల మీదికి పోతుంది. అవి గట్టిపడినా చీలినా ఇంజనుకు సహజమైన చిన్న కదలిక కూడా సీటు దాకా వచ్చేస్తుంది.

ఇక రోడ్డు పరీక్ష. జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోయే దారిలో, ముందూ వెనకా బండి లేని తిన్నటి జాగా చూసి, వణుకు వచ్చే వేగంలో క్షణంపాటు న్యూట్రల్ చేస్తాడు. ఇంజను చుట్లు పడిపోతాయి, చక్రాల వేగం దాదాపు అలాగే ఉంటుంది. వణుకు ఆగితే కారణం ఇంజను వైపు. ఆగకపోతే చక్రాల బ్యాలెన్సో, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసో చూడాలి. కలగలిసిపోయిన రెండు లయలను ఒక్క గేరు కదలికతో విడదీయడం ఎంత పొదుపైన శిల్పం!

కావ్యానికి ఔచిత్యం ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు. ఈ విద్యకూ అదే ప్రాణం. రబ్బరు మారిస్తే పోయే వణుకుకు ఇంజను విప్పకపోవడం, ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం, కారణం దొరికాక మిగతావాటిని ముట్టకపోవడం దీని శోభ.

ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పాత కార్బొరేటర్ బళ్లకు స్కానరు తగిలించే చోటే లేదు. అందుకే షెడ్డులో కొత్తగా చేరిన పిల్లగాడికి పానాల నంబర్ల కన్నా ముందు, స్లోలో తిరిగే మంచి ఇంజను మీద చెయ్యి పెట్టించాలి. కుదురు ఎలా ఉంటుందో ఎరిగినవాడే వణుకును పోల్చగలడు.