ఊహారాజ్యాల పాలనావ్యవస్థ: తెలుగు అద్భుత కల్పనపై ఒక పరిశీలన

అద్భుతకథ చెప్పదలచిన రచయిత ముందుగా ఒక లోకాన్ని సృష్టించుకోవలసి ఉంటుంది. ఏడు సముద్రాల ఆవలి ద్వీపం, చెట్టుతొర్రలోని చిలుకలో దాగిన మాంత్రికుని ప్రాణం, కోరిన కోర్కెలు తీర్చే విగ్రహం వంటి కల్పనలలో తెలుగు కథకులు ఎవరికీ తీసిపోరు. అయితే ఆ లోకాన్ని ఎవరు పాలిస్తారు, ఏ అర్హతతో పాలిస్తారు, పాలకుని ఆజ్ఞ అన్యాయమైనప్పుడు దానిని కాదనే హక్కు ఎవరికి ఉంటుంది అన్న ప్రశ్నల వద్దకు వచ్చేసరికి ఆ కల్పనాశక్తి ఉన్నచోటనే నిలిచిపోతుంది. ‘అనగనగా ఒక రాజు’ అన్న తొలి పలుకుతోనే రాజ్యాంగ నిర్మాణం పూర్తయిపోతుంది. తరువాత మిగిలేది ఆ రాజు మంచివాడా, చెడ్డవాడా అన్న విచారణ మాత్రమే.

ఈ లోపం చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఈ కథలు ఎవరిని చేరుతున్నాయో గమనిస్తే దాని ప్రాధాన్యం తెలుస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో మలంచా ఒక నివాసప్రాంతం. బెంగాలీలో ‘మాలంచ’ అంటే పూలతోట. పంతొమ్మిదో శతాబ్దపు చివరి సంవత్సరాల నుండి బెంగాల్–నాగపూర్ రైల్వే పనుల కోసం, అనంతరం అక్కడి వర్క్‌షాపు కొలువుల కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుండి తరలివెళ్లిన కుటుంబాల సంతతి ఆ పట్టణంలో తరతరాలుగా స్థిరపడింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించడానికి ఈ జనసంఖ్యయే ప్రధాన కారణం. ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ వినిపించే ఇటువంటి చోట పాఠ్యపుస్తకం కన్న ముందు కథ ద్వారా, చలనచిత్రం ద్వారా పిల్లలకు తెలుగు పరిచయమవుతుంది. ఆ పరిచయంలో వారు చూసే రాజ్యం ఎటువంటిదన్నది ఆలోచించదగిన విషయం.

ఆ పిల్లల తాతముత్తాతలు చూసిన రాజ్యం వేరు. ఖరగ్‌పూర్‌లో ప్రభువు సింహాసనం మీద కూర్చున్న వ్యక్తి కాడు. అది ఒక రైల్వే కంపెనీ. ఇల్లు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది, వీధిదీపం కంపెనీది. ఉద్యోగపు హోదాను బట్టి క్వార్టరు పరిమాణం నిర్ణయమయ్యేది. ఆ ప్రభుత్వాన్ని ఎదిరించడానికి ఏ రాజకుమారుడూ రాలేదు. 1927లో వర్క్‌షాపు కార్మికులు సమ్మెకట్టారు. ఆనాటి కార్మికోద్యమ నాయకులలో ఒకరైన వరాహగిరి వేంకటగిరి 1969లో భారత రాష్ట్రపతి అయినారు. 1944లో ఆ రైల్వే ప్రభుత్వ యాజమాన్యం కిందికి వచ్చింది. 1954లో పట్టణానికి పురపాలక సంఘం ఏర్పడింది. అయినప్పటికీ 2001 జనాభా లెక్కలలో సైతం ఖరగ్‌పూర్ పురపాలక ప్రాంతం, ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంటు అని ఒకే ఊరు రెండు పేర్లతో నమోదయింది. ఒక రోడ్డుకు ఇరువైపులా రెండు పాలనలు, వాటి మధ్య ఓటు, సంఘం, దరఖాస్తు: ఏ కల్పితలోకానికైనా తగినంత సంక్లిష్టమైన వ్యవస్థ ఇది. తెలుగు అద్భుతకథలో దీని ఛాయ కూడా కనిపించదు.

తెలుగు జానపద చిత్రాల తొలి విజయాలను ఈ దృష్టితో పరిశీలించవచ్చు. ‘కీలుగుఱ్ఱం’ 1949లో విడుదలయింది. దాని నిర్మాత, దర్శకుడు మీర్జాపురం రాజా స్వయంగా జమీందారు. అంతకు ముందు సంవత్సరమే, 1948లో, మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారీలు చరిత్రలో కలిసిపోతున్న వేళ ఒక జమీందారు తీసిన చిత్రంలో రాజ్యానికి వచ్చిన ఆపద, మారువేషంలో అంతఃపురం చేరిన రాక్షసి. వ్యవస్థలో దోషమేదీ లేదు. దోషమంతా రాణి స్థానంలో చేరిన ఒక వ్యక్తిది. ఆ వ్యక్తిని తొలగిస్తే రాజ్యం తిరిగి నిర్మలమవుతుంది.

1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’ ఇంకొక అడుగు ముందుకు వేసింది. పింగళి నాగేంద్రరావు రచన, కె.వి. రెడ్డి దర్శకత్వం గల ఈ చిత్రంలో కథానాయకుడు తోటరాముడు తోటమాలి కొడుకు. ఉజ్జయిని రాకుమారిని వరించిన అతనికి రాజు పెట్టిన నియమం కులానికి సంబంధించినది కాదు, ధనానికి సంబంధించినది: తనతో సమానమైన సంపద చూపించమన్నాడు. గణతంత్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం, తొలి సార్వత్రిక ఎన్నికలు మొదలు కానున్న ఏడాదిలో, సామాన్యుడు కోటలోకి నడిచివెళ్లడం ప్రేక్షకులకు ఎందుకంత ప్రీతికరమైనదో ఊహించడం కష్టం కాదు. కాని తోటరాముడు కోటలోకి వెళ్లాడే తప్ప కోటను మార్చలేదు. అతనిని అడ్డగించిన నియమం అలాగే ఉంది. అతడు దానిని నెరవేర్చాడు, అంతే. ఉజ్జయినిలోని తక్కిన తోటమాలుల స్థితి ఏమయినదన్న ప్రశ్నకు చిత్రంలో స్థానం లేదు.

1947 జూలైలో ప్రారంభమైన ‘చందమామ’ ఈ సంప్రదాయాన్ని ఇంటింటికీ చేర్చింది. దాసరి సుబ్రహ్మణ్యం రచించిన ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలలో అరణ్యాలు, ద్వీపాలు, శిథిల నగరాలు పాఠకుని కళ్లకు కట్టినట్లుంటాయి. భూగోళం ఇంత సంపన్నంగా ఉన్న లోకాలలో పాలన మాత్రం రాజు, మంత్రి, సేనాపతి అనే మూడు పాత్రలకు పరిమితమయింది. పన్ను వసూలు చేసేవాడు, తగవు తీర్చే గ్రామపెద్ద, సైనికునికి జీతమిచ్చే ఖజానా అధికారి ఈ కథారంగంలో ప్రధానపాత్రలు కారు.

అదే పత్రికలో నెలనెలా వెలువడిన బేతాళకథలు మాత్రం ఒక మినహాయింపుగా చెప్పుకోదగినవి. అందులో ప్రశ్నించేది బేతాళుడు, సమాధానం చెప్పవలసినది రాజు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనభంగమై చేసిన శ్రమ వృథా అవుతుంది. రాజును సైతం బంధించే ఒక నియమం ఇక్కడ ఉంది. అధికారానికి హద్దు ఎక్కడ ఉన్నదో తెలిసినప్పుడే కథకు బిగువు వస్తుందనడానికి ఈ కథల దీర్ఘాయువే నిదర్శనం.

ఈ సంప్రదాయానికి నేటి రూపం ‘బాహుబలి’ చిత్రద్వయం. 2015, 2017 సంవత్సరాలలో వచ్చిన ఈ చిత్రాలలోని మాహిష్మతి, తెలుగువారు తెరపై నిర్మించిన ఊహారాజ్యాలలో అత్యంత విస్తృతమైనది. రాజకీయంగా అది మొదట్లో ఆశ కలిగిస్తుంది. శివగామి ఇద్దరు కుమారులను సమానంగా పెంచి, అర్హతను పరీక్షించి వారసుని ఎన్నుకోదలచింది. యుద్ధంలో శత్రువును చంపడం కన్న ప్రజలను కాపాడడం గొప్పదని తీర్పు చెప్పింది. జన్మక్రమానికి బదులు యోగ్యతను నిలిపిన ఈ పద్ధతి ప్రశంసనీయమే. కాని ఆమె మాటకు మించిన చట్టం మాహిష్మతిలో లేదు. ఆమె తీర్పు సరియైనప్పుడు రాజ్యానికి మేలు జరిగింది. పుత్రుని కుట్రకు లోబడి ఆమె పొరబడినప్పుడు అమరేంద్రుని ప్రాణం పోయింది. రెండు సందర్భాలలోను వ్యవస్థ ఒక్కటే. సభలో మంత్రులున్నారు, ప్రజలు వేలాదిగా ఉన్నారు, అయినా పునర్విచారణ కోరగల స్థానం ఎవరికీ లేదు.

ఈ రాజ్యపు నిజమైన రాజ్యాంగం కట్టప్ప పాత్రలో ఉంది. వంశపారంపర్యమైన మాటకు కట్టుబడి, సింహాసనం మీద ఎవరుంటే వారికి బానిసగా ఉండవలసిన యోధుడు అతడు. ఆజ్ఞ అన్యాయమని తెలిసి కూడా పాటించాడు. కట్టప్ప ఆ హత్య ఎందుకు చేశాడని రెండు సంవత్సరాల పాటు దేశమంతా అడిగింది. ఆ ప్రశ్నకు కుట్ర, అపార్థం అనే సమాధానాలు కథలో దొరికాయి. అతనికి ‘చేయను’ అనే అవకాశం ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. చివరకు మహేంద్రుడు రాజయినాడు; కట్టప్పను బంధించిన ఆ కట్టుబాటును రద్దు చేసే దృశ్యం కనిపించదు. కాలకేయుల కోసం ఒక కొత్త భాషను ప్రత్యేకంగా నిర్మించిన శ్రద్ధలో కొంత భాగమైనా మాహిష్మతి ధర్మశాసనానికి దక్కి ఉంటే, ఆ విషాదం ఇంకా లోతైనదయ్యేది.

మలంచా తెలుగువారి ఇరుగుపొరుగు సాహిత్యమైన బెంగాలీలో ఇందుకు భిన్నమైన మార్గం కనిపిస్తుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ ‘రక్తకరబి’ నాటకం 1926లో పుస్తకరూపంలో వచ్చింది. అందులోని యక్షపురిలో కార్మికులు పాతాళంలో బంగారం తవ్వుతుంటారు. వారికి పేర్లకు బదులు సంఖ్యలుంటాయి. రాజు ఒక జాలితెర వెనుక ఉండి ఎవరికీ కనిపించడు. కథాంతంలో ఆ రాజు తన యంత్రాంగం తన చేతిలోనే లేదని గ్రహించి, తన ధ్వజాన్ని తానే విరిచి తిరుగుబాటులో చేరతాడు. రాజు మారినంత మాత్రాన వ్యవస్థ మారదన్న సత్యాన్ని ఒక అద్భుతకల్పన ఇంత సూటిగా చెప్పడం విశేషం. హాజరుపట్టీలో సంఖ్యగా మారిన ఏ వర్క్‌షాపు కార్మికునికైనా యక్షపురి పరాయి దేశంగా తోచదు.

అంతకు ముందే, 1905లో, బెంగాల్ రచయిత్రి రొకేయా సఖావత్ హుసేన్ ఆంగ్లంలో రచించిన ‘సుల్తానాస్ డ్రీమ్’ మద్రాసు నుండి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో ప్రచురితమయింది. ఆ కథలోని స్త్రీరాజ్యంలో పురుషులు పరదాలో ఉంటారు. ఆ పాలన మంత్రబలంతో రాలేదు. పురుషుల సైన్యం ఓడిపోయినప్పుడు విశ్వవిద్యాలయంలోని స్త్రీలు సూర్యతాపాన్ని ఆయుధంగా ప్రయోగించి దేశాన్ని కాపాడారు. అందుకు ముందుగా పురుషులు లోపలికి వెళ్లాలని షరతు పెట్టారు. అధికారం ఎలా చేతులు మారిందో, దానికి ఆధారమేమిటో రచయిత్రి కొద్ది పుటలలోనే స్పష్టం చేసింది. ఒక పాలనను ఎన్నుకోవడమంటే దాని పుట్టుకకు కారణం చూపడం కూడా అని ఈ రచన బోధిస్తుంది.

తెలుగు రచయితకు ఇటువంటి సామగ్రి కొరత లేదు. అది సొంత చరిత్రలోనే ఉంది. 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో కాకతీయ గణపతిదేవుడు, తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వరాజులు అపహరించేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప తీసుకోనని వర్తకులకు మాట ఇచ్చాడు. ఓడ పగిలి కథానాయకుడు తీరం చేరడం మన కథలలో తరచుగా జరిగేదే. ఆ ఓడలోని సరకు ఎవరిదన్న ప్రశ్న వేస్తే ఒక రాజ్యస్వభావమంతా బయటపడుతుంది. గణపతిదేవుడు కుమార్తె రుద్రమను వారసురాలిగా నిలిపాడు. ఆమె పురుషనామంతో రుద్రదేవ మహారాజుగా పాలించింది. ఆమె మనుమడు ప్రతాపరుద్రుని కాలంలో, భూమిని అనుభవిస్తూ సేనను పోషించే నాయంకర వ్యవస్థ బలపడింది. రాజు సైన్యం రాజుది కాక నాయకులదైనప్పుడు రాజాజ్ఞకు ఎంత విలువ ఉంటుందన్నది ఏ మాంత్రికుని కన్నా ఆసక్తికరమైన సమస్య. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ నాలుగవ ఆశ్వాసంలో రాజనీతిని విస్తరించాడు. కోటల రక్షణను, అడవిజనులతో వ్యవహారాన్ని, రేవుల అభివృద్ధిని కావ్యవస్తువుగా చేసిన కవి తెలుగులోనే ఉన్నాడు.

అద్భుతకథలో రాజు ఒక సంకేతం మాత్రమే, కథ ధర్మశాస్త్రం కాదు అన్న ఆక్షేపణ ఉండవచ్చు. అమ్మమ్మ చెప్పే పొట్టికథ విషయంలో ఇది సమంజసమే. అక్కడ రాజు అంటే తండ్రి, కోట అంటే ఇల్లు. కాని నగరాలు, యుద్ధాలు, తరాల వైరాలు గల బృహత్కథను నిర్మించే ఆధునిక రచయితకు ఈ మినహాయింపు వర్తించదు. పైగా ప్రతి రచయితా గణతంత్రాన్నే కల్పించాలని ఎవరూ కోరరు. రాజరికమైనా, వర్తకసంఘాల పాలనైనా, యక్షపురి వంటి గనిరాజ్యమైనా కథకు పనికివస్తుంది. ఎన్నుకున్న వ్యవస్థలో అధికారం ఎక్కడి నుండి వస్తున్నది, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు, దానిని కాదనదలచినవాడు ఎవరి వద్దకు వెళ్లాలి అన్న మూడు విషయాలు రచయితకు తెలిసి ఉండాలి. అవి తెలిసిన కథలో పట్టాభిషేకం ముగింపు కాజాలదు. మరునాటి ఉదయం సింహద్వారం వద్ద అర్జీ పట్టుకొని నిలిచిన మనిషి అక్కడ కనిపిస్తాడు.

ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలకు ఆ అర్జీదారు బాగా తెలిసినవాడే. క్వార్టరు కోసం, బదిలీ కోసం, పింఛను కోసం, తెలుగు పాఠ్యపుస్తకం కోసం దరఖాస్తులు వ్రాసిన తరాలు వారివి. రాజకుమారుని రాక కోసం ఎదురుచూడక సంఘంగా ఏర్పడిన అనుభవం కూడా వారికి ఉంది. మాంత్రికునికీ, ఎగిరే గుఱ్ఱానికీ తోడుగా ఈ అనుభవానికి చోటిచ్చే రచన వచ్చిననాడు, మలంచా బాలుడు తెలుగు కథలో కోటను మాత్రమే గాక తన వీధిని కూడా గుర్తుపట్టగలడు. తోటరాముడు కోటలోకి ప్రవేశించి డెబ్బై ఏళ్లు దాటింది. అతడు విడిచివచ్చిన తోటను ఎవరు పాలిస్తున్నారో చెప్పవలసిన బాధ్యత తరువాతి కథకులది.