సంతకం లేని రాతపని

రైల్వే ఉద్యోగి తనకు పడ్డ శిక్ష మీద పెట్టుకునే అప్పీలును మంచి వచనంగా ఎవరూ చదవరు. చదవాలని నా మనవి. కొన్ని పేజీల్లో ఒక మనిషి ఉద్యోగాన్నీ, ఇంక్రిమెంటునూ, ఒక్కోసారి పింఛనునూ నిలబెట్టాల్సిన రాత అది. అందులో వ్యర్థమైన మాట ఒక్కటున్నా బరువే.

ఈ పని తెలిసిన చేతులు గూడూరులాంటి జంక్షన్లలో తయారవుతాయి. విజయవాడ డివిజన్‌కు ఇది దక్షిణపు కొస. ఇక్కణ్ణించి చెన్నై వైపు పట్టాలు దక్షిణ రైల్వేవి, రేణిగుంట వైపువి గుంతకల్లు డివిజన్‌వి. గూడూరులో డ్యూటీ చేసే లోకో పైలట్‌కో పాయింట్స్‌మన్‌కో పెద్ద శిక్ష పడితే, దాని మీద అప్పీలు తేలేది విజయవాడలో. అక్కడి అధికారి ముందుండేది ఫైలే తప్ప యార్డు కాదు. సంఘటన జరిగిన రాత్రి ఏ లైన్లో ఏ బండి నిలబడి ఉంది, వెలుతురు ఎంతుంది, ఎవరికి ఏం కనబడింది అన్నది కాగితం మీదికి తేవడం రాసేవాడి మొదటి పని.

దీనంతటికీ ఆధారం 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నియమాలు. చిన్న శిక్షకైతే ఎస్‌ఎఫ్-11 అనే అభియోగ పత్రం ఇస్తారు, పెద్ద శిక్షకైతే ఎస్‌ఎఫ్-5. ఈ రెండు నంబర్లూ రైల్వే క్వార్టర్లలో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎస్‌ఎఫ్-5కు నాలుగు అనుబంధాలుంటాయి: అభియోగాలు, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా. విచారణలో ఉద్యోగి పక్కన కూర్చునే డిఫెన్స్ హెల్పర్ మామూలుగా వకీలు కాడు. సర్వీసులో ఉన్న తోటి ఉద్యోగో, రిటైరైన పెద్దమనిషో, యూనియన్ బాధ్యుడో అయి ఉంటాడు. అప్పీలు రాత సగం అక్కడే మొదలవుతుంది. విచారణలో అడగని ప్రశ్నకు అప్పీలులో జవాబు దొరకదు. అందుకే మంచి హెల్పర్ సాక్షిని క్రాస్ చేసేటప్పుడే రేపటి అప్పీలులో పేరాలు ఎలా నడవాలో చూసుకుంటాడు.

శిక్ష ఉత్తర్వు చేతికందిన నాటినుంచి 45 రోజులు గడువు. అప్పీలు ఎలా ఉండాలో రూల్ 21 చెబుతుంది: ఎవరి అప్పీలు వారే, సొంత పేరుతో పెట్టుకోవాలి, ఆధారపడే విషయాలూ వాదనలూ అన్నీ అందులోనే ఉండాలి, అమర్యాదకరమైన మాట ఉండకూడదు. వకీలు గానీ, మరో ఉద్యోగి గానీ, యూనియన్ నాయకుడు గానీ సంతకం కలిపితే దాన్ని తిప్పి పంపేస్తారు. అంటే, రాత్రుళ్లు కూర్చుని రాసిపెట్టిన చేతి పేరు ఆ కాగితం మీద ఎక్కడా కనబడదు. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇదే.

ఇక కూర్పు. రూల్ 22 ప్రకారం అప్పీలు అధికారి మూడు విషయాలు చూడాలి. పద్ధతి ప్రకారం విచారణ జరిగిందా, జరక్కపోతే న్యాయం దెబ్బతిన్నదా? నిర్ధారణలకు రికార్డులో సాక్ష్యం ఉందా? శిక్ష తగినంత ఉందా, తక్కువా, ఎక్కువా? చేయి తిరిగినవాడు తన రాతను ఈ మూడింటి వరసలోనే నడుపుతాడు. చదివే అధికారి వెతుక్కోనక్కర్లేకుండా ఒక్కో ప్రశ్న కింద ఒక్కో జవాబు.

ఒక ఉదాహరణ అనుకుందాం. షంటింగ్‌లో వ్యాగన్ పట్టా తప్పింది. చేతి సిగ్నల్ తప్పుగా చూపించడం కళ్లారా చూశానని సాక్షి చెప్పాడు. క్రాస్‌లో మాత్రం తనకూ ఆ పాయింట్‌కూ మధ్య మరో వ్యాగన్ల రేక్ నిలబడి ఉందని ఒప్పుకున్నాడు. విచారణ నివేదిక మొదటి మాటను తీసుకుని రెండో మాటను వదిలేసింది. కొత్తవాడు ఇక్కడ ‘ఇది పక్షపాతం, అన్యాయం’ అని కోపం రాస్తాడు. తెలిసినవాడు మొదటి మాటను పేజీ నంబరుతో, దాని కిందే రెండో మాటను పేజీ నంబరుతో పెట్టి, రెండోదాన్ని నివేదిక ఎందుకు పట్టించుకోలేదో ఒక్క వాక్యంలో అడిగి ఆగిపోతాడు. ఆ ఆగడంలోనే పనితనం ఉంది.

ఇంటి పరిస్థితి, పిల్లల చదువులు, ఇన్నేళ్ల మచ్చలేని సర్వీసు చివరి భాగంలో, శిక్ష తీవ్రత గురించి చెప్పేచోట వస్తాయి. దయ కోరడం ముందు పెడితే తప్పు ఒప్పుకున్నట్టు చదువుకునే ప్రమాదముంది. మరో జాగ్రత్త: నోటీసిచ్చి శిక్షను పెంచే అధికారం కూడా అప్పీలు అధికారికి ఉంది. కాబట్టి రాయకుండా ఊరుకోవడం మేలని చెప్పగలిగినవాడే అసలు పెద్ద.

ఇంత శ్రద్ధగా రాసిన కాగితానికి ఒకప్పుడు రెండు ముక్కల జవాబు వచ్చేది. గాజియాబాద్ షంటర్ రామ్‌చందర్‌ను ఉద్యోగంలోంచి తీసేస్తే, ఆయన అప్పీలును రైల్వే బోర్డు రూల్‌లోని మాటలే తిరగరాసి కొట్టేసింది. 1986లో సుప్రీంకోర్టు అది చెల్లదని, ఆయన మాట విని, కారణాలు రాసి తేల్చాలని ఆదేశించింది. ‘స్పీకింగ్ ఆర్డర్’ (కారణాలు చెప్పే ఉత్తర్వు) అనే మాట ఇవాళ ఉద్యోగుల నోట ఇంత ధైర్యంగా వస్తోందంటే అలాంటి తీర్పుల పుణ్యమే. హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993లో వచ్చిన తీర్పు మరో పాఠం నేర్పింది. విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి తీరాలి. కానీ ఇవ్వలేదన్న ఫిర్యాదు ఒక్కటే చాలదు, దానివల్ల ఏం నష్టపోయాడో చూపాలి. అప్పటినుంచి మంచి అప్పీలులో లోపం పక్కనే నష్టమూ ఉంటుంది.

అప్పీలు విఫలమైతే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచి ఉంది. దరఖాస్తు రుసుము 50 రూపాయలు. ముందు శాఖలోని దారులన్నీ వాడుకుని ఉండాలి. అప్పీలు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే నేరుగా వెళ్లవచ్చు. అక్కడ వకీలు వచ్చినా, ఆయన మొదట తెరిచేది గూడూరులో రాసిన ఆ కాగితాన్నే.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగి దారి వేరు. 1991 సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమాల కింద ఆయనకు అప్పీలు గడువు మూడు నెలలు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్ర ట్రిబ్యునల్ ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రద్దయింది కాబట్టి, ఆ తర్వాతి మెట్టు అమరావతి హైకోర్టు.

చివరగా, రైల్వే కార్మిక సంఘాలైన మజ్దూర్ యూనియన్‌కూ, ఎంప్లాయీస్ సంఘ్‌కూ ఒక విన్నపం. మీ పెద్దలు రాసిపెట్టి గెలిపించిన అప్పీళ్లు బీరువాల్లో ఉన్నాయి. ఉద్యోగుల, సాక్షుల పేర్లు తీసేసి, విచారణ వాంగ్మూలాలతో సహా ఒక చిన్న పుస్తకంగా వేయండి. రాసినవారు ఒప్పుకుంటే వారి పేర్లు అట్ట మీద వేయండి. అక్కడ సంతకానికి ఏ రూలూ అడ్డం రాదు.