రెండు వేల మీటర్లలో ఇమిడే విమానం

మ్యాపు మీద స్కేలు పెట్టి చూస్తే ఆదోనికి తూర్పున కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం, నైరుతిన బళ్లారి అవతల తోరణగల్లులోని విద్యానగర్ విమానాశ్రయం కనిపిస్తాయి. రెంటి మధ్య నేరుదూరం సుమారు 175 కిలోమీటర్లు. ఆదోని ఇంచుమించు నడిమధ్యన ఉంది. ఎమ్మిగనూరు వాళ్లకైతే ఓర్వకల్లే దగ్గర.

ఓర్వకల్లు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టి 2021 మార్చి 25న ప్రారంభించారు. 28న ఇండిగో సర్వీసులు మొదలయ్యాయి. రన్‌వే పొడవు రెండు వేల మీటర్లు. అక్కడ దిగిన విమానం ప్రొపెల్లర్లతో ఎగిరే ఏటీఆర్ 72. ఆ రన్‌వేకి కొలత తీసి కుట్టించినట్టుంటుంది.

ఓర్వకల్లు నుంచి బెంగళూరు నేరుదూరం 280 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఏటీఆర్ వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. ఆ లెక్కన ముప్పైనాలుగు నిమిషాలు చాలు. టైంటేబుల్‌లో మాత్రం గంట దాటి ఉండేది. ఎందుకంటే ఆ సమయం ఇక్కడ చక్రం కదిలినప్పటి నుంచి అక్కడ చక్రం ఆగేదాకా. రన్‌వే చివరికి నడక, ఎక్కడం, దిగడం, గాలిని బట్టి చుట్టు తిరిగి రన్‌వేకి ఎదురు రావడం, అన్నీ అందులోనే. ఇంత తక్కువ దూరంలో జెట్ విమానం తనకు అనువైన ఎత్తు చేరేసరికే దిగే వేళవుతుంది. ఏటీఆర్‌కు ఆ ఎత్తుతో పని లేదు. పాతిక వేల అడుగులే దాని గరిష్ఠ పరిమితి.

దాని పనితనమంతా ప్రొపెల్లర్‌లో ఉంది. దాదాపు నాలుగు మీటర్ల వ్యాసం, ఆరు బ్లేడ్లు. పైకి లేచేటప్పుడు నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంది. తర్వాత ఆ వేగం 82 శాతానికి తగ్గుతుంది. లేచిన కాసేపటికి మోత సద్దుమణిగేది అందుకే. ఆ తర్వాత పైన ప్రయాణిస్తున్నంతసేపూ తిరిగే వేగం మారదు. బ్లేడే తన వాలు మార్చుకుంటూ గాలిని కావలసినంత పట్టుకుంటుంది. నేల తాకగానే అదే బ్లేడు ఎదురు వాలుకు తిరిగి విమానం వేగాన్ని తగ్గిస్తుంది. ఒకే పనిముట్టు లాగుతుంది, ఆపుతుంది కూడా!

నాకు ఇంకా నచ్చింది కుడి ఇంజను. దాని ప్రొపెల్లర్‌కు ప్రత్యేకంగా బ్రేకు ఉంది. బ్లేడ్లను కదలకుండా పట్టి ఉంచి లోపలి టర్బైన్‌ను తిప్పితే, నిలబడిన విమానానికి కరెంటూ చల్లగాలీ అందుతాయి. అందుకోసం తోకలో మరో చిన్న ఇంజను మోయనక్కర్లేదు. సామాన్లు ముందు తలుపులోంచి, మనుషులు వెనక తలుపులోంచి వెళ్తారు. తలుపు లోపలి వైపే మెట్లు. కిందికి వాల్చితే చాలు. పెద్ద హంగులు లేని చిన్న ఊరి విమానాశ్రయం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు గీసిన బొమ్మ ఇది.

ఓర్వకల్లులో మీరు ఏటీఆర్ ఎక్కే రోజు వస్తే, మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి ఎడమ రెక్క వైపు చూడండి. ఆ ఆరు బ్లేడ్ల మెలిక ఆగి ఉన్నప్పుడే కంటికి ఆనుతుంది.